మూడో రాయి ఊగలేదు

మోకాలి చిప్ప అరిగిపోయిందని డాక్టరు చెప్పగానే నాకు ముందు గుర్తొచ్చింది అడవి గేటు తాళం.

ఆ తాళంచెవి ఆరేళ్లుగా నా దగ్గరే ఉంది. ప్రతి ఆదివారం పొద్దున ఏడింటికి గేటు తీస్తాను. ఊళ్లో వాళ్లు ఎవరొస్తే వాళ్లను వెంటబెట్టుకుని అడవిలో నడిపిస్తాను. వాగు దాటి, పాత కొలిమి చూసి, అలల బండ ఎక్కి, ఒకప్పుడు నేను రాయి కొట్టిన క్వారీ దాకా వెళ్లి, వెళ్లిన దారినే వెనక్కి వస్తాం. టికెట్టు లేదు, పేర్లు రాసుకోవడం లేదు. అటవీ శాఖ ఇచ్చిన అనుమతి కాగితం ఒకటి ఉంది. దాని మీద ఉన్నది నా పేరు. నేను నడిపించలేకపోతే ఆ కాగితం పొట్లం కట్టుకోవడానికి తప్ప పనికిరాదు.

రేంజరు గారు ఆఫీసులో అదే మాట మర్యాదగా చెప్పారు. ఆయన ఈ పనికి కొత్త. బల్ల మీద ఫైళ్లన్నీ అంచుకు అంచు కలిసి ఉన్నాయి. పెన్ను కూడా ఫైలు పక్కన తిన్నగా పడుకుని ఉంది.

"మీరు మానేస్తే గేటు మూసేద్దాం మేస్త్రీ. లోపల ఎవరి కాలైనా విరిగితే జవాబు చెప్పుకోవాల్సింది నేను."

"మా అక్క కూతురు నడిపిస్తుందండి."

"ఏం చదివింది?"

"టైలరండి."

ఆయన పెన్నును ఇంకొంచెం తిన్నగా జరిపారు. "అడవికి టైలరెందుకు? చెట్లకు కొలతలు తీస్తుందా?"

"తీస్తుందండి," అన్నాను.

నేను నవ్వలేదు కాబట్టి ఆయనా నవ్వలేకపోయారు. చివరికి ఒక ఆదివారం ఇచ్చారు. ఆయన కూడా వస్తారు. నడిపించేది ఆ అమ్మాయి. నేను వెనక నడవొచ్చు గానీ నోరు మెదపకూడదు. ఏ చిన్న తేడా వచ్చినా అదే రోజు తాళంచెవి ఆయన చేతిలో పెట్టాలి.

నోరు మెదపకపోవడం నాకు శిక్ష కాదు. పెళ్లయిన నాటి నుంచి మా ఆవిడ నా మీద చెప్పే చాడీ అదొక్కటే.

అటునుంచి నేరుగా మా మేనకోడలి కొట్టుకు వెళ్లాను. మేనకోడలని పేరే గానీ, నాకు అది మా అమ్మాయే. రెండు మిషన్లు, ఒక కత్తిరింపుల బల్ల, గోడకు మేకు కొట్టి తగిలించిన నూలు రీళ్లు. బల్ల కింద నా రాళ్లు. మూడేళ్లుగా ఒక్కొక్కటే తెచ్చి ఇచ్చాను. గిరాకీ లేనప్పుడు వాటిని బల్ల మీద పరుచుకుని చూస్తుంది. ఏ రాయి ఏ బండ నుంచి ఊడిందో కళ్లు మూసుకుని, వేలితో తడిమి చెబుతుంది. రాయి పట్టుకుని పాతికేళ్లు బతికిన మా క్వారీ వాళ్లలో కూడా అలా చెప్పగలిగిన వాళ్లు ఇద్దరో ముగ్గురో ఉండేవారు.

విషయం చెప్పాను. మిషన్ ఆపకుండా వింది. కుట్టు చివరికొచ్చాక దారం పంటితో తెంపింది.

"వారమంతా ఈ సూది మొన దాటి నా కళ్లు ఎక్కడికీ పోవు మామయ్యా. ఆదివారం ఒక్కరోజే కొండ అంత దూరం చూస్తాను. ఆ గేటు మూస్తే నేనెక్కడికి పోను?"

"మూయరులే."

"అంత గట్టిగా ఎలా చెబుతున్నావ్?"

"నువ్వు నడిపిస్తావు కాబట్టి."

ఆ రోజుకి నా మాటలు అయిపోయాయి. ఇంటికొచ్చేశాను.

ఇక్కడ మా డబ్బా గురించి చెప్పాలి. మొదలుపెట్టిన రెండో ఏడు ఒక ఆదివారం తిరిగొచ్చాక తలలు లెక్కపెట్టాను. పదహారు మంది వెళ్లాం, పదహారు తలలున్నాయి. అందరినీ ఇళ్లకు పంపేశాను. మధ్యాహ్నం పోస్టుమాస్టరు గారి భార్య మా ఇంటి ముందు నిలబడి "మా ఆయనేరీ?" అంది. ఆయన బూటులో ముల్లు తీసుకుందామని కొలిమి వెనక కూర్చుంటే మేం వచ్చేశాం. దారిలో తప్పిపోయిన మేకను వెతుక్కుంటున్న మనిషొకడు మాటలు బాగున్నాయని మాతో కలిసి నడిచాడు. ఆ మేకలాయన తల పోస్టుమాస్టరు గారి లెక్కలో పడింది.

అప్పటి నుంచి తలల్ని నమ్మడం మానేశాను. క్వారీ చెత్తలోంచి రాతి పెంకులు ఏరి, ఒక్కోదానికి తెల్ల రంగుతో చుక్క పెట్టి, ఒక పాలపొడి డబ్బాలో పోశాను. గేటు దగ్గర ప్రతి మనిషీ ఒక రాయి తీసుకుని జేబులో వేసుకోవాలి. తిరిగొచ్చాక డబ్బాలో వెయ్యాలి. నడిపించేవాళ్లకూ మినహాయింపు లేదు. డబ్బాలో రాళ్లు సరిపోయేదాకా ఎవరూ కదలకూడదు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా లెక్క తప్పలేదు.

ఆ ఆదివారం పద్దెనిమిది మంది వచ్చారు. రేంజరు గారు, మా అమ్మాయి, నేను కలిపి ఇరవై ఒక్కరం. రేంజరు గారి బూట్లు మెరుస్తున్నాయి. ఆయనకు డబ్బా చాచితే లోపలికి తొంగి చూసి, అన్నిటికంటే నున్నటిది ఏరుకున్నారు.

పోస్టుమాస్టరు గారు నా చెవి దగ్గరకొచ్చి, "ఇవాళ నువ్వు తోకవట గదా మేస్త్రీ. నన్ను మాత్రం వదిలెయ్యకు. ఈసారి మా ఆవిడ వెతుక్కుంటూ కూడా రాదు," అన్నారు.

వాగు గేటుకు పది నిమిషాల దూరం. దాటడానికి ఏడు బండరాళ్లు వేసి ఉన్నాయి. మా అమ్మాయి ముందు దాటి, అవతలి గట్టున నిలబడి అందరికీ చెప్పింది. "మూడోది ఊగుతుంది. దాని మీద ఆగి ఫొటోలు తీసుకోకండి. కాలు పెట్టి తీసెయ్యండి."

అందరూ దాటారు. రేంజరు గారు నా ముందున్నారు. మూడో రాయి మీద ఆగి నీళ్లలోకి చూశారు. రాయి ఊగింది. మెరిసే బూటు ఒకటి చీలమండ దాకా మునిగింది. వెనక నుంచి ఆయన నడుం బెల్టు పట్టుకుని నిలబెట్టాను. ఆయన థాంక్సు చెప్పలేదు. నేను నోరు మెదపలేదు. ఆయన గట్టెక్కాక నేను వంగి, మూడో రాయి కింద సందులోకి చిన్న పెంకు ఒకటి దూర్చి బొటనవేలితో నొక్కాను. ఊగే రాయి కనబడితే నా చెయ్యి ఊరుకోదు. మా ఇంట్లో ఊగే కుర్చీ ఒక్కటి కూడా లేదు.

కొలిమి దగ్గర మా అమ్మాయి అందరినీ గోడకు దగ్గరగా పిలిచింది. క్వారీ నడిచే రోజుల్లో ఉలులు అక్కడే సాన పట్టేవారు. వేడికి కాలి ఇటుకలా గట్టిపడిన మట్టి మీద ఒక బొటనవేలి గుంట ఉంది. వేలి గీతలు కూడా కనిపిస్తాయి.

"ఎవరిదో తెలీదు. గోడ మెత్తినాయనది అయ్యుంటుంది. కుడిచేతివాటం మనిషే. గుంట ఎటు వాలిందో చూడండి. వేలు పెట్టి చూడొచ్చు, అరిగిపోదు."

పిల్లా పెద్దా అందరూ పెట్టి చూశారు. రేంజరు గారు ఎవరూ చూడనప్పుడు పెట్టారు. తోక మనిషికి అన్నీ కనబడతాయి.

అలల బండ మా అడవి మొత్తంలో నాకు ఇష్టమైన చోటు. రెండు గదులంత బండ, దాని నిండా ముడతలు. మా అమ్మాయి చెప్పులు విప్పి దాని మీదకెక్కింది.

"ఇది ఇస్త్రీ చెయ్యని గుడ్డ. ఒకప్పుడు లోతులేని నీళ్ల కింద ఇసుక. నీళ్లు అటూ ఇటూ కదిలి ఈ ముడతలు పెట్టాయి. చెరిగిపోయేలోపే పైన ఇంకో పొర పడి కప్పేసింది. కప్పింది కాబట్టే మిగిలింది."

"ఎన్నేళ్లయిందమ్మా?" అన్నారు పోస్టుమాస్టరు గారు. ఆయన ప్రతి వారం ఇదే అడుగుతారు.

"కోట్ల ఏళ్లని ఒకసారి మన నడకకొచ్చిన కాలేజీ మేడం చెప్పారు సార్. కోటి అంటే ఎంతో నా బుర్రకు అందదు. నాకు తెలిసిందల్లా, ఏది ముందు పడిందో ఏది తర్వాత పడిందో. కింద పొర ముందు కుట్టినది, పైది తర్వాత కుట్టినది."

రేంజరు గారు గొంతు సవరించుకున్నారు. బండ పక్కన తెగిన గోడను వేలితో చూపించారు. "మరి ఇక్కడ గీతలన్నీ ఏటవాలుగా ఉన్నాయేం? పొరలంటే పడక వేసినట్టు ఉండాలి కదా."

పరీక్ష అని అందరికీ అర్థమైంది. అందరూ బండ వైపు కాకుండా మా అమ్మాయి వైపు చూశారు.

"అది గుడ్డను ఏటవాలుగా కోసే క్రాస్ కటింగండి," అంది తడుముకోకుండా. "ఇసుక కుప్ప మీదకి ప్రవాహం ఇంకా ఇసుక తోస్తూ ఉంటే, అది కుప్ప దాటి అవతలి పక్కకి జారుతుంది. జారిన పొర వాలుగానే ఉంటుంది. అది ఎటు వాలిందో నీళ్లు అటు పారాయి. మీరు నిలబడ్డ చోటు నుంచి నా వైపుకి."

ఆయన తన కాళ్ల వైపు చూసుకున్నారు. ఒక అడుగు పక్కకు జరిగారు, నీళ్లకు దారి ఇస్తున్నట్టు. నర్సమ్మ ఫక్కున నవ్వింది. పెద్దాసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి, నిద్రపోకుండా నేరుగా మా నడకకొచ్చే మనిషి ఆవిడ.

క్వారీలో నా గురించి కూడా చెప్పింది. బండలో పై వరస గుంటలు చెక్క మేకులవి, పాతకాలం వాళ్లు ఎండు చెక్క దిగ్గొట్టి నీళ్లు పోసి ఉబ్బించి బండను చీల్చారు. కింది వరస ఇనుప మేకులవి, అందులో సగం మా మామయ్య కొట్టినవి అంది. "స్టేషను మెట్లు రోజూ ఎక్కుతారుగా, అవి ఇక్కడినుంచే లేచి వెళ్లాయి." ఎవరో నా వైపు తిరిగి నిజమేనా అన్నారు. తలూపాను. తలూపడం రేంజరు గారి షరతులో లేదు.

తిరుగు దారిలో నేను వెనక్కి చూసుకుంటూ వచ్చాను. అడవిలో మనిషి మిగిలిపోతే పక్షులు ఊరుకోవు. మా వెనక పక్షులు కిందకి దిగి వాటి పని అవి చేసుకుంటున్నాయి. మా వెనక ఎవరూ లేరు. మా అమ్మాయి గెలిచిందనే అనుకున్నాను.

గేటు పక్క రేకుల షెడ్డులో డబ్బా బెంచీ మీద ఉంది. అందరూ కబుర్లాడుతూ రాళ్లు వేసి, నీళ్లు తాగారు. మా అమ్మాయి డబ్బా బోర్లించి, రాళ్లను అయిదేసి చొప్పున వరసలు పేర్చింది. నాలుగు వరసలు. డబ్బాలోకి చూసింది. అడుగున తట్టింది.

"ఒకటి తక్కువ."

కబుర్లు ఆగిపోయాయి. రేంజరు గారు లేచి, వేలు చూపిస్తూ తలలు లెక్కపెట్టారు. ఇరవై ఒకటి. "మనుషులు సరిపోయారు. రాయి ఎక్కడో పడిపోయి ఉంటుంది. ఇక వెళ్దాం, నాకు పదిన్నరకు మీటింగుంది."

"సరిపోయారనే నన్ను వదిలేశారండీ అప్పట్లో," అన్నారు పోస్టుమాస్టరు గారు.

"రాయి కనబడేదాకా ఎవరూ కదలొద్దండి," అంది మా అమ్మాయి.

అందరూ జేబులు బయటకు లాగారు. నర్సమ్మ సంచీ మొత్తం బెంచీ మీద దులిపింది. "దూది, కత్తెర, మా ఆయన కళ్లజోడు. రాయి లేదే తల్లీ." హార్డువేరు కొట్టాయన "నేను షాపు తియ్యాలమ్మా" అని రెండుసార్లు అన్నాడు. రెండోసారి అన్నప్పుడు మా అమ్మాయి ఆయన వైపు చూసింది. మూడోసారి అనలేదు.

ఇక నోరు విప్పక తప్పలేదు. "నా వెనక ఎవరూ లేరు. చూసుకుంటూనే వచ్చాను."

"తెలుసు మామయ్యా. నువ్వు వెనకున్నావంటే ఎవరూ మిగలరు. మరి రాయేదీ?"

"నాది నేను వేశాను."

నిజంగానే అలా అనుకున్నాను. నాలుగేళ్లుగా వేస్తున్న చెయ్యి, వెయ్యకపోయినా వేసినట్టే గుర్తుంచుకుంటుంది.

రేంజరు గారు చేతి గడియారం చూసుకున్నారు. "చూడమ్మా. మీ మామయ్యే చెబుతున్నాడు గదా ఎవరూ లేరని. ఆయన మాట కూడా నమ్మవా?"

"ఆయన మాటే నమ్ముతున్నానండి. తల కాదు, రాయి లెక్క అని చెప్పింది ఆయనే."

"ఒక్క పెంకు కోసం ఇంతమందిని కూర్చోబెడతావా? రేపు నేను అనుమతి ఇచ్చినా ప్రతి వారం ఇదే తంతా?"

తాళంచెవి నా జేబులో బరువుగా తగిలింది. ఇక్కడ ఆ అమ్మాయి "సరే, పదండి" అంటే ఆయన సంతోషంగా సంతకం పెడతారు. అది ఆమెకూ తెలుసు. హార్డువేరు కొట్టాయనకు కూడా తెలుసు.

"కూర్చోబెడతానండి," అంది. "మీరు వెళ్లాలంటే వెళ్లండి. మీ రాయి డబ్బాలో ఉంది, నున్నటిది, నేను చూశాను."

ఆయన వెళ్లలేదు. కూర్చున్నారు.

మా అమ్మాయి కళ్లు మూసుకుంది. బొటనవేలూ చూపుడువేలూ ఒకదానితో ఒకటి రుద్దుకుంటోంది. కొట్టులో గుడ్డ నాణ్యం చూసేటప్పుడు అలాగే చేస్తుంది. వెళ్లిన దారంతా మళ్లీ నడుస్తోందని నాకు తెలుసు. చాలాసేపే పట్టింది.

కళ్లు తెరిచి నా వైపు చూసింది. "వచ్చేటప్పుడు మూడో రాయి ఊగలేదు మామయ్యా."

నా చెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదకు పోయింది. వాగులో వంగినప్పుడు పెంకు కోసం నేను నీళ్లలో వెతకలేదు. చేతికి అందింది పెట్టాను. చేతికి అందింది జేబులోది.

మిగతాది నేనే చెప్పాలని ఆ అమ్మాయి వదిలేసింది. లేచి నిలబడ్డాను.

"ఆ రాయి వాగులో ఉంది. మూడోదాని కింద ఊతంగా పెట్టింది నేనే. మరిచిపోయాను. తప్పు నాది, నడిపించిన మనిషిది కాదు."

పోస్టుమాస్టరు గారు తీరిగ్గా అన్నారు. "నన్ను మరిచిపోయావు, సరే. నిన్ను నువ్వే మరిచిపోతే ఎలాగయ్యా?"

షెడ్డు రేకులు అదిరేలా నవ్వారు. రేంజరు గారు కూడా నవ్వారు గానీ లేవబోయారు. "దొరికిందిగా. ఇక..."

"ఇంకా దొరకలేదండి. చెప్పారు, అంతే," అంది మా అమ్మాయి. "నర్సమ్మగారూ, వీళ్లను చూస్తూ ఉండండి. సార్, మీరు రండి. మామయ్యా, కుంటుకుంటూ నువ్వూ రా."

ముగ్గురం వాగుకు వెళ్లాం. రేంజరు గారు రాళ్ల మీద మోకాళ్లూని కిందికి వంగి చూశారు. ప్యాంటు తడిసింది. "తెల్ల చుక్క ఉంది," అన్నారు, ఏదో పిట్ట గూడు కనిపెట్టినంత ఇదిగా. చెయ్యి పెట్టి లాగబోయారు.

"ఆగండి! తీస్తే మళ్లీ ఊగుతుంది. ముందు ఇంకోటి పెట్టాలి," అన్నాను.

నీళ్లలో తడిమి, బల్లపరుపుగా ఉన్న పెంకు ఒకటి ఏరాను. పాతదాని పక్కన దూర్చి, గుండ్రాయితో మూడు దెబ్బలు వేశాను. మూడో దెబ్బకు శబ్దం మారింది. శబ్దం మారితే బిగిసినట్టు. పాతది చిటికెన వేలితో లాగితే వచ్చేసింది. రేంజరు గారు మూడో రాయి మీదకెక్కి, ఒక కాలి మీద నిలబడ్డారు. తర్వాత రెండో కాలి మీద. తర్వాత, మేం చూస్తున్నామని మరిచిపోయి, చిన్నగా ఎగిరారు. రాయి కదల్లేదు.

షెడ్డులో అందరూ చూస్తుండగా మా అమ్మాయి నా రాయి డబ్బాలో వేసింది. టంగుమంది. "ఇరవై ఒకటి. ఇక వెళ్లండి," అంది. హార్డువేరు కొట్టాయన సైకిలు మీద అందరికంటే ముందు వెళ్లిపోయాడు.

రేంజరు గారు బ్యాగులోంచి అనుమతి కాగితం తీశారు. బెంచీ అంచుకు సరిగ్గా ఆనించి పెట్టారు. నా పేరు మీద స్కేలుతో గీసినట్టు గీత కొట్టి, పక్కన మా అమ్మాయి పేరు రాశారు. కలం ఆగింది.

"ఇక్కడ వృత్తి అని ఉంది. ఏం రాయమంటావు? గైడ్ అని రాయనా?"

"టైలర్ అనే రాయండి."

రాశారు. కాగితం ఇస్తూ, "వెనక నడిచేదెవరు?" అని అడిగారు.

"మామయ్యే."

"ఈయనా?" అన్నారు.

"ఆ సంగతి నేను చూసుకుంటాను లెండి."

నేను తాళంచెవి తీసి మా అమ్మాయి అరచేతిలో పెట్టాను. ఆమె దాన్ని కొలత టేపుకు ముడేసుకుంది.

తర్వాతి ఆదివారం నేను డబ్బాలో చెయ్యి పెట్టబోతుంటే ఆపింది. సంచీలోంచి ఒక చిన్న గుడ్డ తిత్తి తీసింది. రెండు వరసల కుట్టు, మూతకు పెద్ద నల్ల గుండీ, మెడకు వేసుకోవడానికి మందపాటి తాడు. ముందువైపు తెల్లదారంతో ఒక చుక్క కూడా కుట్టింది. పోస్టుమాస్టరు గారు అది చూసి, బళ్లో వేసేటప్పుడు తన మెడలో ఇలాంటిదే పలక బలపం సంచీ ఉండేదన్నారు. నర్సమ్మ ఫొటో తీసింది. తడిబూట్ల అనుభవంతో ఈసారి రబ్బరు చెప్పుల్లో వచ్చిన రేంజరు గారు, తనకూ ఒకటి కుట్టిపెడతావా అని నెమ్మదిగా అడిగారు.

రాయి తీసి తిత్తిలో వేసుకున్నాను. నడవబోయాను.

"గుండీ," అంది మా అమ్మాయి, వెనక్కి తిరగకుండానే.

గుండీ పెట్టుకున్నాను.